అంటార్కిటికా ఓడ ఎక్కుతున్నారా? సామాను సర్దడం నుంచి ఓడ దిగేదాకా

మొదటిసారి అంటార్కిటికా ఓడ ఎక్కినప్పుడు మూడు రోజుల పాటు ఒకే ప్రశ్నతో గైడుల ప్రాణం తీశాను: "రేపు ఎక్కడ దిగుతాం?" జవాబు ఎప్పుడూ ఒకటే, "పొద్దున్న చూద్దాం." దాటేస్తున్నారేమో అనుకున్నాను. నాలుగో రోజుకి గానీ అర్థం కాలేదు, నిజంగా వాళ్ళకీ తెలీదని. రాత్రికి రాత్రి గాలి మళ్ళితే మంచుగడ్డలన్నీ కొట్టుకొచ్చి రేవు మూసేస్తాయి. ఇంకోచోట అలలు లేచి పడవ దింపడానికి వీలుండదు. అందుకే గోడ మీద అంటించిన కార్యక్రమం కింద "మారవచ్చు" అని రాసి ఉంటుంది. అక్కడ మారకపోతేనే వింత.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ ప్రశ్న మానేశాను. మైకులో పిలుపు వినబడ్డాక ఇరవై నిమిషాల్లో తయారై తలుపు దగ్గర నిలబడటం నేర్చుకున్నాను. ఈ ఓడ మీద బతకడానికి కావలసిన విద్య అదే. కింద రాసిందంతా ఆ ఇరవై నిమిషాలు సాఫీగా సాగడానికే.

1. ఓడ, నెల, గది

అన్నిటికన్నా ముందు ప్రయాణికుల సంఖ్య అడగండి. అంటార్కిటికాలో ఒక చోట ఒకేసారి వంద మందికి మించి ప్రయాణికులు ఒడ్డు మీద ఉండకూడదు. ఐదు వందల మందికి మించి ప్రయాణికులున్న ఓడ అసలు ఎవర్నీ దింపకూడదు, దూరం నుంచి చూపించి తీసుకుపోవాల్సిందే. వంద మంది ఓడ అయితే అందరూ ఒక్కసారే దిగొచ్చు. రెండు వందల మంది అయితే సగం మంది ఒడ్డున ఉంటే మిగతా సగం రబ్బరు పడవల్లో తిరుగుతుంటారు, తర్వాత మారతారు. సంఖ్య పెరిగేకొద్దీ మీ వంతు కోసం ఎదురుచూపులు పెరుగుతాయి. బ్రోచర్‌లో వేడినీళ్ళ కొలను ఎంత బాగున్నా ఈ లెక్క చూశాకే డబ్బు కట్టండి.

ప్రయాణాలు నడిచేది దక్షిణార్ధ గోళపు వేసవిలో, అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా. నవంబరులో మంచు ఇంకా ఎవరూ తొక్కని తెల్లటి గుట్టలా ఉంటుంది, పెంగ్విన్లు జతకట్టి గూళ్ళకు రాళ్ళు ఏరుకుంటుంటాయి (పక్క గూటి రాళ్ళు దొంగిలిస్తుంటాయి కూడా). డిసెంబరు చివర, జనవరిలో పిల్లలు పుడతాయి, రాత్రి అనేదే సరిగ్గా పడదు. ఫిబ్రవరి, మార్చిలో తిమింగలాలు బాగా కనబడతాయి. అప్పటికి మంచు కరిగి నేలంతా బురద, రెట్ట. నన్నడిగితే ఫిబ్రవరికే ఓటు వేస్తాను. తెల్లటి ఫొటోలు కావాలనుకునేవాళ్ళు నవంబరుకే వెళ్ళాలి.

గది విషయంలో ఖరీదైనదే మంచిదనుకుని మోసపోకండి. తూగుడుబల్ల చివర కూర్చున్నవాడు ఎగిరెగిరి పడతాడు, మధ్యలో నిలబడ్డవాడు ఊరికే ఒరుగుతాడు. ఓడ కూడా అంతే. పై అంతస్తులో బాల్కనీ గది ఎంత ఊగుతుందో కింది అంతస్తులో ఓడ నడుమ ఉన్న చిన్న గది అంత ఊగదు. ఒక్క ఇబ్బందేమిటంటే, సముద్రం పోటు మీదున్నప్పుడు కింది గదుల గుండ్రటి కిటికీలకు ఇనుప మూతలు బిగిస్తారు. అప్పుడు పగలో రాత్రో తెలీదు. కడుపు శాంతిగా ఉంటే ఆ చీకటి పెద్ద లెక్కలోది కాదు.

2. సంచిలో ఏం పెట్టాలి

చలికి భయపడి అందరూ లావుపాటి కోట్లు కొంటారు. అక్కర్లేదు. పార్కా కోటు చాలా కంపెనీలు వాళ్ళే ఇస్తాయి, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు ఓడలో అరువిస్తారు. ఇవి మీ కంపెనీ ఇస్తుందో లేదో బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి. వేసవిలో ఈ ఓడలు వెళ్ళే అంటార్కిటికా ద్వీపకల్పం దగ్గర ఉష్ణోగ్రత సున్నాకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఏడిపించేది గాలి, తడి.

కాబట్టి మీరు డబ్బు పెట్టాల్సింది నీళ్ళు దిగని ప్యాంటు మీద. "తడిని తట్టుకుంటుంది" అని రాసి ఉన్నది వద్దు, "నీళ్ళు దిగవు" అని రాసి ఉన్నది కావాలి. బూటు మీదుగా వేసుకునేంత వదులు కాళ్ళు ఉండాలి. లోపల ఉన్ని థర్మల్స్ రెండు జతలు, వాటి మీదకు ఒక ఫ్లీస్. నూలు బట్ట ఒంటికి తగలనివ్వకండి. చెమటో నీళ్ళో తగిలిందంటే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. చేతులకు రెండు పొరలు: లోపల పల్చటి తొడుగు, పైన నీళ్ళు దిగనిది. కెమెరా మీట నొక్కాలంటే పైది తీసి లోపలిదానితో కానిచ్చేయొచ్చు. మంచు మీద ఎండ రెండు వైపుల నుంచీ కొడుతుంది కాబట్టి నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునేది తప్పనిసరి. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాసుకోండి. కింద నుంచి కమిలిపోవడం ఎలా ఉంటుందో నాకు అనుభవమే.

ఓడ లోపల మాత్రం వెచ్చగా ఉంటుంది, టీషర్టు సరిపోతుంది. విందు దుస్తులు మోసుకుపోకండి, ఎవరూ వేసుకోరు.

మందులు రోజుల లెక్కకు మించి తీసుకోండి. ఓడలో డాక్టరు ఉంటారు, చిన్న వైద్యశాల ఉంటుంది, అంతవరకే. అంతకు మించిన జబ్బు చేస్తే వెనక్కి తిరగాలి, లేదా కింగ్ జార్జ్ దీవిలో ఉన్న చిలీ స్థావరపు రన్‌వే మీద వాతావరణం అనుకూలిస్తే విమానం దిగాలి. అందుకే అత్యవసర తరలింపు ఖర్చు భరించే బీమా లేకపోతే చాలా కంపెనీలు ఓడ ఎక్కనివ్వవు. పాలసీలో అంటార్కిటికా పేరు ఉందో లేదో చదివి చూసుకోండి.

ఎక్కువ ఓడలు బయల్దేరేది అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా నుంచి. ఓడ రోజుకి కనీసం ఒక రోజు ముందే అక్కడికి చేరండి. విమానంలో సామాను తప్పిపోతే వెనక వచ్చే విమానంలో దొరకొచ్చు. వెళ్ళిపోయిన ఓడ వెనక మాత్రం ఎవరూ పరుగెత్తలేరు.

3. మొదటి సాయంత్రం: అల రాకముందే సర్దుకోండి

మధ్యాహ్నం ఓడ ఎక్కుతారు. పాస్‌పోర్టు రిసెప్షన్‌లో తీసుకుని ప్రయాణం అయ్యేదాకా వాళ్ళే ఉంచుకుంటారు, కంగారు పడకండి. కాసేపటికి ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడతాయి. అది అత్యవసర హెచ్చరిక. లైఫ్‌జాకెట్ తీసుకుని మీకు చెప్పిన చోట చేరాలి, పేరు పిలిస్తే పలకాలి. లైఫ్‌బోటు ఎక్కడుందో చూపిస్తారు.

ఈ కసరత్తు చాలామందికి తతంగంలా కనిపిస్తుంది, ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు. 2007 నవంబరు 23న ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ ఇదే నీళ్ళలో, అంటార్కిటికా ద్వీపకల్పం పక్కనున్న దక్షిణ షెట్లాండ్ దీవుల దగ్గర, మంచు తగిలి మునిగిపోయింది. ఈ దారిన పర్యాటకుల కోసమే కట్టిన మొట్టమొదటి ఓడ అది, 1969లో తయారైంది. అందులో ఉన్న 154 మందీ లైఫ్‌బోట్లలో కొన్ని గంటలు గడిపి, నార్డ్‌నోర్గె అనే ఇంకో ఓడ వచ్చాక బతికి బయటపడ్డారు. ఒక్కరు కూడా చనిపోలేదు. ఎవరు ఏ పడవ ఎక్కాలో ముందే తెలియడం అలాంటి రాత్రి పనికొస్తుంది.

ఉషువాయా వదిలాక కొన్ని గంటలు బీగిల్ జలసంధిలో నీళ్ళు చెరువులా ఉంటాయి. భోజనం హాయిగా సాగుతుంది. "ఇంతేనా?" అనిపిస్తుంది. ఆ మాట బయటికి అనకండి. అర్ధరాత్రి దాటాక ఓడ జలసంధి వదిలి డ్రేక్ మార్గం అనే నడిసముద్రంలో పడుతుంది.

కాబట్టి పడుకునే ముందు అరగంట గదికి కేటాయించండి. బల్ల మీద ఏదీ ఉంచకండి. కెమెరా, ల్యాప్‌టాప్, గాజు గ్లాసులు నేల మీదకో, తువ్వాలు చుట్టి సొరుగులోకో చేరాలి. సొరుగు గొళ్ళెం పడిందో లేదో లాగి చూడండి. స్నానాల గదిలో సీసాలన్నీ సింకులో పడేయండి. కుర్చీకి నేలకు కట్టే గొలుసు ఉంటే తగిలించండి. నా మొదటి ప్రయాణంలో చార్జింగుకి పెట్టిన కెమెరా తెల్లవారుజామున బల్ల మీంచి దిగి, గది ఆ మూల నుంచి ఈ మూలకి నాలుగుసార్లు ప్రయాణం చేసింది. చీకట్లో ఆ దడదడ వింటూ మంచం దిగే ధైర్యం లేక పడుకునే ఉన్నాను.

ఇంకోటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఓడ తలుపులు బరువు. ఓడ ఒరిగితే వాటంతట అవే మూసుకుంటాయి. తలుపు చట్రం మీద వేళ్ళు ఎప్పుడూ వేయకండి, పిడి మాత్రమే పట్టుకోండి. వేలు నలిగిన మనిషికి ఆ తర్వాత పడవ ఎక్కడానికి చెయ్యి ఉండదు.

4. డ్రేక్ మార్గం దాటడం

దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌కీ దక్షిణ షెట్లాండ్ దీవులకూ మధ్య దాదాపు 800 కిలోమీటర్ల సముద్రం ఇది. ఆ అక్షాంశం పట్టుకుని భూగోళం చుట్టూ తిరిగి వచ్చినా అలను ఆపే నేల ఎక్కడా తగలదు. గాలికీ ప్రవాహానికీ అడ్డూ ఆపూ లేదు. దాటడానికి రెండు రోజులు పడుతుంది. అదృష్టం బాగుంటే అద్దంలా ఉంటుంది, దాన్ని ఓడవాళ్ళు డ్రేక్ లేక్ అంటారు. లేకపోతే డ్రేక్ షేక్. ఏది రాబోతోందో తెలుసుకోవడానికి కెప్టెన్‌ని అడగనక్కర్లేదు. నడవా గోడల వెంట పట్టుకోవడానికి ఉండే చేతిపట్టీల వెనక వాంతి సంచులు వరసగా దోపడం మొదలుపెట్టారంటే వస్తున్నట్టే. భోజనాల హాల్లో కంచాలు జారకుండా బల్లగుడ్డలు తడిపి పరిచారంటే వచ్చేసినట్టే.

సముద్రపు వికారానికి ఒకే సూత్రం: మందు ముందు వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక మింగిన మాత్ర కడుపులో నిలవదు. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ పట్టీ అయితే కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులు పనిచేస్తుంది. నోరు ఎండుతుంది, చూపు కాస్త మసకబారుతుంది. అంటించిన వేలితో కన్ను నలిపితే కనుపాప పెద్దదై గంటల తరబడి అలాగే ఉంటుంది కాబట్టి వెంటనే చేతులు కడగండి. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళు, మూత్రం సరిగా రాని ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా దాని జోలికి పోకూడదు. మాత్రలు చాలనుకునేవాళ్ళు బీగిల్ జలసంధిలో ఉండగానే వేసుకోవాలి. నిద్ర వస్తుంది, రానివ్వండి. డ్రేక్ మార్గాన్ని నిద్రలో దాటినందుకు ఎవరూ తప్పుపట్టరు.

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. ఎండు బిస్కెట్లు, పుల్లటి ఆకుపచ్చ ఆపిల్, అల్లం, ఇవి కొద్దికొద్దిగా లోపలికి పంపిస్తూ ఉండండి. పుస్తకం, ఫోను పక్కన పెట్టి, నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడండి. అదీ కుదరకపోతే వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోవడమే మందు. మంచం మీద దొర్లిపోతుంటే ఒక చిట్కా: లైఫ్‌జాకెట్‌ని పరుపు బయటి అంచు కిందకి తోయండి. పరుపు గోడ వైపు వాలి, మధ్యలో చిన్న లోయలా అవుతుంది. అందులో ఒత్తిగిలి పడుకుంటే పొద్దున్నదాకా కదలరు.

నడిచేటప్పుడు ఓడవాళ్ళ సూత్రం పాటించండి: ఒక చెయ్యి మీది, ఒక చెయ్యి ఓడది. అంటే ఏ క్షణంలోనైనా ఒక చెయ్యి చేతిపట్టీ మీద ఉండాలి. రెండు చేతులా కాఫీ కప్పులు పట్టుకుని మెట్లు దిగే మనిషి రోజుకొకరైనా కనిపిస్తారు. కాసేపటికి వాళ్ళే డాక్టరు గది బయట కూడా కనిపిస్తారు.

కాస్త తేరుకుంటే వెనక డెక్ మీదకి వెళ్ళండి (తలుపు తెరిచి ఉంటేనే, గాలి పోటు మీద మూసేస్తారు). ఆల్బట్రాస్‌లు రెక్క కూడా కొట్టకుండా ఓడ వెంట తేలుతూ వస్తుంటాయి. వాండరింగ్ ఆల్బట్రాస్ రెక్కలు చాచితే మూడు మీటర్లు దాటుతుంది. చాలా ఓడల్లో కెప్టెన్ ఉండే బ్రిడ్జ్ కూడా ప్రయాణికులకు తెరిచే ఉంచుతారు. మాటలు తగ్గించి, దేన్నీ ముట్టుకోకుండా నిలబడితే ఎంతసేపైనా ఉండనిస్తారు. నా రెండో ప్రయాణం సగం అక్కడే గడిచింది.

రెండో రోజు ఎక్కడో ఒకచోట చలి హఠాత్తుగా పెరుగుతుంది, పొగమంచు కమ్ముతుంది. ఉత్తరపు నీళ్ళూ దక్షిణపు చల్లటి నీళ్ళూ కలిసే గీత దాటారన్నమాట. మొదటి మంచుకొండ ఎప్పుడు కనిపిస్తుందో పందెం కాయడం చాలా ఓడల్లో ఆనవాయితీ.

5. బట్టలు దులపడం

ఈ రెండు రోజుల్లోనే రెండు పనులు తప్పనిసరి. ఒకటి, నియమాల మీద ఉపన్యాసం. అది వినకపోతే ఒడ్డున అడుగు పెట్టనివ్వరు. 1991లో ఏర్పడిన అంటార్కిటికా టూర్ ఆపరేటర్ల సంఘం ఐఏఏటీఓ పెట్టిన నియమాలివి. అదే సంవత్సరం మాడ్రిడ్‌లో సంతకాలైన పర్యావరణ ఒడంబడిక ఈ ఖండం మొత్తాన్ని శాంతికీ శాస్త్రానికీ కేటాయించింది.

రెండోది, మీ బట్టల తనిఖీ. ఒడ్డుకి వేసుకెళ్ళే ప్రతిదీ, కోటు, ప్యాంటు, టోపీ, సంచి, కెమెరా స్టాండు, తీసుకుని వాక్యూమ్ క్లీనర్ పెట్టిన గదికి వెళ్ళాలి. జేబులు బయటికి తిప్పి పీల్చాలి. అసలు కష్టమంతా వెల్క్రోలో. గరుకు పట్టీల మధ్య గడ్డి గింజలు ఇరుక్కుని ఉంటాయి, వాక్యూమ్‌కి లొంగవు. గైడు పట్టుకారు ఇచ్చి టార్చి వేసి చూపిస్తుంది. నా సంచి పట్టీలో ఏడు గింజలు దొరికాయి, వాటిలో ఒకటి ఏ కొండ మీద ఎక్కిందో నాకే తెలీదు. అవి ఒడ్డున రాలితే ఏమవుతుందంటారా? పోవా అనువా అనే మామూలు గడ్డి కింగ్ జార్జ్ దీవిలో ఇప్పటికే పాతుకుపోయింది. మనుషుల వెంట వచ్చిందే అది. తనిఖీ అయ్యాక సంతకం పెట్టాలి.

అప్పుడే బూట్లు కూడా పంచుతారు. వాటిని రెండు సాక్సులతో వేసి చూడండి. బిగుతైతే రక్తం ఆడక కాళ్ళు గడ్డకడతాయి, ఒక సైజు పెద్దదే మేలు.

6. పిలుపు వచ్చాక ఇరవై నిమిషాలు

ద్వీపకల్పం చేరాక రోజు ఇలా నడుస్తుంది. ఆరున్నరో ఏడో, గైడులందరికీ పెద్ద అయిన ఎక్స్‌పెడిషన్ లీడర్ గొంతు మైకులో మేలుకొలుపు పాడుతుంది. ఫలహారం, తర్వాత ఒడ్డుకి. మధ్యాహ్నం మీరు తింటుండగా ఓడ ఇంకో చోటికి కదులుతుంది, మళ్ళీ ఒడ్డుకి. సాయంత్రం అందరూ హాల్లో చేరితే ఆ రోజు చూసినదాని గురించి గైడులు మాట్లాడి, మర్నాటి ప్రణాళిక చెబుతారు. ఆ ప్రణాళిక పొద్దున్నకి ఉండకపోవచ్చు. ఒక్క సమయంలో ఒక చోట ఒకే ఓడ ఉండేలా ఓడలన్నీ ముందే చోట్లు పంచుకుంటాయి కాబట్టి, ఒకటి పోయిందంటే కెప్టెన్ ఇంకోటి వెతకడానికి చాలా ఫోన్లు కొట్టాలి.

మిమ్మల్ని జట్లుగా విడగొట్టి వంతుల వారీగా పిలుస్తారు. పిలవకముందే అన్నీ వేసుకుని వెచ్చటి గదిలో కూర్చోవడం కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు. చెమట పడుతుంది, ఆ చెమటే పడవలో చల్లబడి వణికిస్తుంది. మీ ముందు జట్టుని పిలిచినప్పుడు మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది.

వరస ఇది. అన్నిటికన్నా ముందు బాత్రూముకి వెళ్ళండి. ఒడ్డున ఆ సౌకర్యం లేదు, చాటుకి వెళ్ళడం నిషేధం. తర్వాత థర్మల్స్, సాక్సులు, ఫ్లీస్. బూట్లు తొడిగి, ఆ తర్వాత నీళ్ళు దిగని ప్యాంటు కాళ్ళు బూటు పైకి లాగండి. ఇది తిరగేస్తే ఏమవుతుందో చెప్పగలను: ప్యాంటు బూటులోకి దోపుకుని దిగాను, మోకాలి కింద దాకా అల వచ్చింది, ప్యాంటు మీంచి జారిన నీళ్ళు నేరుగా బూటులో చేరాయి. రెండు గంటలు ఆ నీళ్ళతో నడిచాను. తర్వాత పార్కా, దాని మీద లైఫ్‌జాకెట్, టోపీ. చేతి తొడుగులు చివర, లేకపోతే పట్టీలు పెట్టుకోలేరు. కెమెరా బ్యాటరీలు అదనంగా ఒకటి లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా. చలికి అవి ఇట్టే చచ్చిపోతాయి.

దిగే ద్వారం దగ్గర బూట్లు క్రిమిసంహారక మందు ఉన్న తొట్టిలో ముంచాలి, ఓడలో మీకిచ్చిన కార్డు యంత్రానికి చూపించాలి. ఆ కార్డు లెక్కే మీరు ఓడ దిగారని చెప్పేది. తిరిగొచ్చాక కూడా మర్చిపోకుండా చూపించండి, లేకపోతే మీరు గదిలో టీ తాగుతుండగా మీ పేరు ఓడంతా మోగుతుంది.

7. జోడియాక్ ఎక్కడం, దిగడం

జోడియాక్ అంటే గాలి నింపిన రబ్బరు పడవ. సుమారు పదిమంది పడతారు, వెనక మోటారు దగ్గర గైడు. ఓడ పక్కన అల మీద అది పైకీ కిందకీ తేలుతుంటే చూడటానికి భయమేస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటే భయం లేదు. కెమెరా మెడలో వేలాడకూడదు, సంచిలో ఉండాలి.

నావికుల పట్టు నేర్చుకోండి: అవతలి మనిషి అరచేయి కాదు, ముంజేయి పట్టుకోవాలి, వాళ్ళు మీది పట్టుకుంటారు. ఒక చెయ్యి జారినా రెండోది ఆగుతుంది. పడవ పైకి లేచినప్పుడు కాలు పడవ అంచున ఉన్న గాలి తిత్తి మీద పెట్టండి, తర్వాత పడవ అడుగున, వెంటనే కూర్చుని పక్కకి జరగండి. మధ్యలో ఆగి ఆలోచించకండి. గైడు "ఆగు" అంటే ఆగాలి, "రా" అంటే రావాలి. పడవలో ఎవరు లేవాలన్నా గైడుని అడగాలి.

ఒడ్డున దిగేటప్పుడు తొందర పడేవాళ్ళే తడుస్తారు. తిత్తి మీద ముందుకి జరిగి, గైడు చెప్పాక కాళ్ళు బయటికి తిప్పి, ఒక అల వెళ్ళి ఇంకోటి రాకముందు దిగండి.

8. ఒడ్డు మీద

ముందు వాసన వస్తుంది. పెంగ్విన్ల కాలనీ ఫొటోల్లో ఎంత ముద్దుగా ఉంటుందో ముక్కుకి అంత ఘాటుగా ఉంటుంది. క్రిల్ రొయ్యలు తిన్న రెట్ట గులాబీ రంగులో మంచంతా పరుచుకుని ఉంటుంది. పది నిమిషాలకి ముక్కు అలవాటు పడుతుంది. బట్టలకు పట్టిన వాసన మాత్రం ఓడలో తోటివారికి తెలుస్తుంది.

పెంగ్విన్‌కి ఐదు మీటర్ల దూరం, ఫర్ సీల్‌కి పదిహేను. పెంగ్విన్ తనంతట తాను మీ దగ్గరికి వస్తే కదలకుండా నిలబడండి, అది దాని ఇష్టం. సముద్రానికీ గూటికీ మధ్య అవి నడిచి నడిచి మంచులో లోతైన కాలిబాటలు చేస్తాయి. ఆ దారుల్లో నిలబడకూడదు, దాటాల్సి వస్తే అటూ ఇటూ చూసి గబుక్కున దాటాలి. ఒకసారి ఒక జెంటూ పెంగ్విన్ నోటిలో రాయితో వచ్చి, దారిలో నిలబడ్డ ఒక పెద్దాయన బూటు ముందు ఆగింది. ఆయన చూడలేదు. అది కాసేపు నిలబడి, రాయి కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, వెనక్కి తిరిగి కొండ చుట్టి వేరే దారిన పోయింది. గైడు వచ్చి ఆయన భుజం తట్టాక గానీ మనిషి కదల్లేదు.

మెత్తటి మంచులో మోకాలి దాకా దిగబడితే ఆ గుంట పూడ్చి వెళ్ళండి. పొట్టి కాళ్ళ పెంగ్విన్ అందులో పడితే బయటికి రాలేదు.

తిండి ఏదీ తీసుకెళ్ళకూడదు. రాయి, ఈక, ఎముక ఏదీ తెచ్చుకోకూడదు. డ్రోన్ ఎగరేయడం కుదరదు. బర్డ్ ఫ్లూ వైరస్ 2023 అక్టోబరులో సౌత్ జార్జియా అనే దీవి దగ్గర, 2024 ఫిబ్రవరిలో ఖండం మీద బయటపడ్డాక ఇంకో కట్టుబాటు వచ్చింది: నేల మీద కూర్చోవడం, మోకరిల్లడం, సంచి కింద పెట్టడం వద్దు. బూటు తప్ప ఏదీ నేలకి తగలకూడదు. మంచులో పడుకుని ఫొటోలు తీసే అలవాటున్న నాకు ఇది కష్టంగానే ఉంది, కానీ దాని వెనక కారణం చూస్తే నోరెత్తలేం.

చోటుని బట్టి జాగ్రత్తలు మారతాయి. నెకో హార్బర్‌లో ఎదురుగా హిమానీనదం ఉంటుంది. తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చి ముక్క విరిగి పడితే, కాసేపటికి ఆ అల ఒడ్డుకి కొడుతుంది. అందుకే అక్కడ నీటి అంచున నిలబడనివ్వరు, దిగగానే పైకి నడిపిస్తారు. డిసెప్షన్ దీవి అగ్నిపర్వతం. దాని విరిగిన అంచు గుండా, నెప్ట్యూన్స్ బెలోస్ అనే ఇరుకు ద్వారంలోంచి ఓడ లోపలికి పోతుంది. 1967 నుంచి 1970 వరకు మూడుసార్లు పేలింది, నల్ల ఇసుక ఒడ్డున ఇప్పటికీ ఆవిరి లేస్తుంటుంది. అక్కడి తిమింగలాల నూనె బాయిలర్లు తుప్పుపట్టి నిలబడి ఉంటాయి. వాటిని ముట్టుకోకండి. పోర్ట్ లాక్‌రాయ్‌లో 1944లో బ్రిటన్ కట్టిన స్థావరం ఇప్పుడు మ్యూజియం, పోస్టాఫీసు. చుట్టూ జెంటూలే. అక్కడ కార్డు రాసి పోస్టు చేయండి. మీరు ఇంటికి చేరి ఎన్నాళ్ళకో అది చేరుతుంది.

తిరిగి ఓడకి వచ్చేటప్పుడు బ్రష్‌తో బూట్ల గాడుల్లో రెట్ట అంతా గీకి, మళ్ళీ మందులో ముంచాలి. వంగి, ఓపిగ్గా చేయాల్సిన పని. వెనక నిలబడ్డవాళ్ళు తొందర పెట్టినా పట్టించుకోకండి. కెమెరాని బయట ఉండగానే మూత పడే సంచిలో పెట్టి, లోపలికెళ్ళాక ఓ గంట తెరవకండి. లేకపోతే వెచ్చటి గాలిలో తేమ దాని మీద నీళ్ళై కూర్చుంటుంది.

9. ఓడలో మిగతా సమయం

తిండికి లోటు ఉండదు. ఏవి తినరో బుకింగ్ సమయంలోనే రాసివ్వండి, ఓడ బయల్దేరాక కొట్టు దొరకదు. రోజులు గడిచేకొద్దీ తాజా ఆకుకూరలు తగ్గిపోతాయి. హాలు గుమ్మంలో చేతులు కడగమంటే కడగండి, ఒకరికి కడుపు జబ్బు వస్తే ఓడ అంతా పాకుతుంది. ఇంటర్నెట్ ఉంటుంది, ఆశలు పెట్టుకోకండి.

నిద్ర విషయంలో తెర గట్టిగా వేసుకోండి. డిసెంబరులో పూర్తి చీకటి పడదు, "ఇంకాసేపు చూద్దాం" అనుకుంటూ రెండు దాటిపోతుంది. అయినా మైకులో "కుడి వైపు తిమింగలాలు" అని వినబడితే ఏ వేళైనా లేవండి. కోటు, బూట్లు తలుపు పక్కనే ఉంచుకున్నవాళ్ళు చూస్తారు, వెతుక్కునేవాళ్ళు తోకలు మాత్రమే చూస్తారు.

ఒక రోజు నీళ్ళలో దూకే కార్యక్రమం పెడతారు. నడుముకి తాడు కట్టి, పక్కన డాక్టరుని నిలబెట్టి దూకిస్తారు. ఉప్పునీరు కాబట్టి మైనస్ 1.8 డిగ్రీల దాకా గడ్డకట్టదు, దానికి దగ్గరగానే ఉంటుంది. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉంటే వద్దు. దూకేవాళ్ళు కాళ్ళు ముందుగా దిగండి, తల ముంచకుండా పైకి రండి. నేను ఒకసారి దూకాను, రెండోసారి పై డెక్ మీద దుప్పటి కప్పుకుని చూశాను. రెండోదే బాగుంది.

10. తిరుగు ప్రయాణం

మళ్ళీ డ్రేక్ మార్గం. వెళ్ళేటప్పుడు జాగ్రత్తగా ఉన్నవాళ్ళే ఇప్పుడు అలుసు చేసి పడతారు. మాత్ర, పట్టీ, సొరుగు గొళ్ళెం, అన్నీ మళ్ళీ మొదటి నుంచి. బూట్లు కడిగి తిరిగి ఇచ్చేయాలి. పార్కా చాలాచోట్ల మీదే. చివరి రాత్రి పెట్టెలు నడవాలో పెట్టమంటారు, పొద్దున్న వేసుకునే బట్టలు, మందులు అందులో పెట్టేయకండి. అలా పెట్టేసి రాత్రి బట్టల్లో రేవు దిగినాయన్ని చూశాను.

ఉషువాయాలో దిగిన రోజే విమానం ఎక్కాల్సివస్తే మధ్యాహ్నం తర్వాతది చూసుకోండి. ఓడ ఆలస్యం కావచ్చు, పైగా ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు ఉంటుంది. అది మామూలే, తగ్గుతుంది. స్నానం చేసేటప్పుడు కళ్ళు మూసుకుంటే మరీ ఊగుతుంది కాబట్టి తలకు సబ్బు రాసుకునేటప్పుడు ఒక చెయ్యి గోడ మీదే ఉంచండి.